ఊపిరికి ఎంగిలి లేదు

ప్రసన్నకుమారికి అసహ్యం పుట్టుకతోనే వచ్చింది. కొందరికి మెల్లకన్ను వస్తుంది, కొందరికి నత్తి వస్తుంది, ఈవిడకు ఇది వచ్చింది. బస్సులో పక్కావిడ జామకాయ కొరుక్కుని అదే చేత్తో కమ్మీ పట్టుకుందంటే, రాజమండ్రి నుంచి కొవ్వూరు దాకా ఆ కమ్మీ ముట్టకుండా నిలబడి, డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఎవరో ఒకరి మీద పడి తిట్లు తినేది. పెళ్ళి భోజనాలకు వెళితే పెరుగు గరిటె ఎవరి విస్తరికి తగిలిందో కనిపెట్టుకుంటూ కూర్చుని, చివరికి అరటిపండు ఒలుచుకు తిని లేచొచ్చేది. అరటిపండును తొక్కతో సహా పుట్టించినందుకు దేవుడికి మనస్ఫూర్తిగా స్తోత్రం చెప్పుకునేది.

కట్టుకున్నవాడు రెండేళ్ళు ఓర్చుకున్నాడు. తన మంచినీళ్ళ గ్లాసుకు పెళ్ళాం గాటు పెట్టి విడిగా ఉంచిందని వీధివీధినా చెప్పుకుని, ఒకరోజు బ్యాగు సర్దుకుని విశాఖపట్నం పోయాడు. ఇక ఇంట్లో మిగిలింది ఆమె, ఎనభై అయిదేళ్ళ నాయనమ్మ సంపూర్ణమ్మ. ప్రసన్నకుమారి రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. ఇద్దరి పొట్టలూ ఆ జీతంతోనే నిండాలి.

ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది. జూలైలో ఒకనాడు తొమ్మిదో తరగతి రమ్యశ్రీ రికార్డు పుస్తకం చూపించడానికి వచ్చి, నాలిక మీద వేలు తడుపుకుని పేజీ తిప్పింది. ఆ తడి కాగితం మీద గుండ్రంగా దిగింది. మరుక్షణం ప్రసన్నకుమారి పుస్తకం లాక్కుని కిటికీలోంచి విసిరేసింది. కింద మురిక్కాలవ. పిల్ల రాత్రింబవళ్ళు కూర్చుని వేసుకున్న బొమ్మలన్నీ అందులో తేలాయి. తండ్రి వచ్చి గొడవ చేశాడు. కరస్పాండెంటుగారు ఆమెను గదిలోకి పిలిచి, కుర్చీ వేసి, ఎంతో మర్యాదగా చెప్పారు. మనసు కుదుటపడే శిక్షణ ఏదైనా ఆరు నెలలు తీసుకుని, ఇప్పుడు నెమ్మదించారని అక్కడివాళ్ళ చేత ఉత్తరం రాయించుకు రావాలి. జనవరి నెలాఖరులోగా ఆ ఉత్తరం రాకపోతే ఫిబ్రవరి నుంచి ఆవిడా రానక్కర్లేదు.

అలా ఆమె కొవ్వూరులో గోదావరి గట్టు మీది మేడ ఎక్కింది. అక్కడ శ్యాంబాబుగారని ఒకాయన జపాను వెదురు వేణువు నేర్పుతారు. ఓడల్లో ఇంజినీరుగా పాతికేళ్ళు తిరిగి, ఓడ జపాను రేవులో ఆగినప్పుడల్లా ఒక ముసలి గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నారట. దాని పేరు షాకుహాచి. ముందు నాలుగు బెజ్జాలు, వెనక ఒకటి. పైకొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది, అడుగున వేరు ముడులు అలాగే వదిలేస్తారు. ఆ చెక్కిన అంచు మీదికి ఊపిరి వదలాలి. గాలి కాస్త అటైనా ఇటైనా బుస్సుమనడమే తప్ప పలకదు. పాటలు వాయించడానికి కాదండి ఇది, అనేవారు శ్యాంబాబుగారు. అక్కడి జెన్ సన్యాసులకు ఇదే ధ్యానం. కూర్చుని కళ్ళు మూసుకోవడానికి బదులు ఊదుతారు. ఒక స్వరం, ఒక ఊపిరి, అంతే. వెనకటికి వాళ్ళు మెడదాకా దిగే బుట్ట నెత్తిన బోర్లించుకుని, ఎవరికీ మొహం చూపించకుండా వీధుల్లో ఊదుకుంటూ తిరిగేవారట. మన వైపు గంప బోర్లించేది కోళ్ళ మీద కాబట్టి, ఆ మాట విన్నప్పుడు శిష్యులు నవ్వాపుకోలేక చచ్చారు. ప్రసన్నకుమారి మాత్రం నవ్వలేదు. మొహం కనబడకపోతే ఎంత హాయి అనుకుంది.

అసలైన వెదురుది గురువుగారి దగ్గర ఒక్కటే ఉంది. శిష్యులకు ప్లంబింగ్ కొట్టు నుంచి తెచ్చిన పీవీసీ గొట్టాలకే బెజ్జాలు పొడిచి ఇచ్చారు. ఎవరి గొట్టం వాళ్ళది. ఆ పద్ధతి ఆమెకు ప్రాణానికి హాయిగా ఉంది. రోజూ పొద్దున్నే మేడ మీద కూర్చుని, అన్ని బెజ్జాలూ మూసి, అన్నిటికంటే కింది స్వరాన్ని ఊదేది. దాన్ని రో అంటారు. రెండు నెలలపాటు బుస్సుమంది. సెప్టెంబరులో ఒక తెల్లారి పలికింది. అది పలికినంతసేపూ ఆమెకు లోకంలో దేనిమీదా అసహ్యం లేదు. ఎవరు ఏది ముట్టుకున్నారు, ఎవరు ఎక్కడ ఉమ్మారు అన్న ధ్యాసే లేదు. ఊపిరి అయిపోగానే అంతా తిరిగొచ్చింది, అది వేరే సంగతి. కానీ నలభై రెండేళ్ళలో ఆపాటి సెలవు దొరకడం అదే మొదలు. ఆవేళ స్కూలుకు వెళ్ళి, రమ్యశ్రీకి కొత్త రికార్డు పుస్తకం కొనిచ్చింది.

చిక్కల్లా రెండో శనివారంతోనే. ఆ రోజు శిష్యులంతా గుండ్రంగా కూర్చుంటే, గురువుగారి వెదురు వేణువు చేతులు మారుతూ తిరుగుతుంది. ఒక్కొక్కరు ఒక్కో ఊపిరి ఊది పక్కవాళ్ళకు అందించాలి. మొదటిసారి ప్రసన్నకుమారి మొహం చూసి శ్యాంబాబుగారు మెత్తగా నవ్వి, "ఊపిరికి ఎంగిలి లేదండి. గాలికి మడి కడతామా?" అన్నారు. ఆ మాట అందరికీ నచ్చి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ఆమె కూడా రాసుకుంది. రాసుకుని, మర్నాటి నుంచి హ్యాండ్‌బ్యాగులో స్పిరిట్ దూది పెట్టుకొచ్చేది. ఎవరూ ఏమీ అనకపోగా, తణుకులో రైసుమిల్లువాళ్ళ కోడలు లక్ష్మీదుర్గ తనకూ ఒక ముక్క అడిగి తీసుకుంది. వచ్చే నెలకల్లా అందరి చేతుల్లోనూ దూది ఉంది. గాలికి మడి కట్టలేం గానీ గొట్టానికి కట్టొచ్చు కదా.

అప్పుడొచ్చాడు బుల్లియ్య. యాభై అయిదేళ్ళ మనిషి. మేడ కిందే రేవులో నావ కట్టుకుని, మెట్ల మీద వలలు బాగుచేసుకునేవాడు. ఆర్నెల్లుగా పైనుంచి వచ్చే బుస్సులన్నీ వినీ వినీ, ఒకరోజు మెట్లెక్కొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గురువుగారు సరదాకి ఒక గొట్టం చేతికిచ్చారు. బుల్లియ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెదవికి ఆనించి ఊదాడు. రో పలికింది. బొంగురుగా, నిండుగా, హాలంతా పలికింది. మంచు పట్టిన రోజుల్లో అవతలి నావకు తన జాడ తెలియడానికి ఖాళీ సీసా మూతి మీద ఊదడం చిన్నప్పటి నుంచీ అలవాటండి, అదీ ఇదీ ఒకటేలా ఉందండి అన్నాడు. గురువుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజే బుల్లియ్యను శిష్యుల్లో కలిపేసుకున్నారు. ఎవరైనా పెద్దమనుషులు వస్తే ముందు అతన్ని పిలిచి ఊదించేవారు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. కొట్టి, కూర్చునేటప్పుడు చాపలు కాస్త దూరంగా జరుపుకునేవాళ్ళు.

బుల్లియ్య లంక పొగాకు చుట్ట కాలుస్తాడు. అక్టోబరు రెండో శనివారం అతను సరిగ్గా ప్రసన్నకుమారికి ముందు కూర్చున్నాడు. అతని చేతుల్లోంచి వేణువు ఆమె చేతికొచ్చింది. మూతి దగ్గర తడి మెరుస్తోంది. పొగాకు, ఉమ్ము కలిసిన కంపు గుప్పుమంది. దూది తీయబోయింది గానీ చెయ్యి ఆడలేదు. వేణువు చాప మీద పెట్టేసి బయటికి పరుగెత్తి, మెట్ల పక్కన కక్కేసుకుంది. లోపల ఎవరూ ఊదడం ఆపలేదు. ధ్యానం చెడకూడదు కదా.

క్లాసు అయ్యాక ఆమె శ్యాంబాబుగారి దగ్గరికి వెళ్ళింది. లక్ష్మీదుర్గ కూడా అక్కడే ఉంది. నేను ఎవరినీ తక్కువ చేసి మాట్లాడటం లేదండి అని ప్రసన్నకుమారి మొదలుపెట్టింది. ఆ ముక్కతో మొదలైన మాట ఎక్కడికి పోతుందో ఎవరికైనా తెలుసు. ఆరోగ్యం దృష్ట్యా, పొగాకు అలవాటున్నవాళ్ళను వరసలో చివర కూర్చోబెడితే మంచిది అంది. సైన్సు టీచరు కాబట్టి క్రిముల పేర్లు కూడా రెండు చెప్పింది. గురువుగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. నదికి మొదలేముంది, చివరేముంది అన్నారు. అంటే సరేనని అర్థం.

లక్ష్మీదుర్గ ఆ రోజు ఆమెను తన కారులో బస్టాండు దాకా దింపింది. మీరు చెప్పబట్టి సరిపోయిందండి, మాబోటివాళ్ళం అంటే బాగోదు అంది. ఆ మెచ్చుకోలుకు ప్రసన్నకుమారి ఉబ్బిపోయి, అడగని సంగతి కూడా చెప్పేసింది. కరోనా తర్వాత తమ లూథరన్ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరూ ఒకే వెండి గిన్నెలో తాగే పద్ధతి మాన్పించి, మనిషికో చిన్న గ్లాసు పెట్టించింది తనేనని, దానికోసం ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించానని చెప్పింది. లక్ష్మీదుర్గ స్టీరింగు మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "చర్చా అండి? అలాగా," అంది. తర్వాత తేరుకుని, "మంచి పని చేశారండి. ఎవరి గ్లాసు వాళ్ళకుంటేనే మంచిది," అంది. ప్రసన్నకుమారి అవునంది.

ఆ సంతకాల కాగితం మీద వేలిముద్ర వెయ్యనన్నది సంఘం మొత్తానికి సంపూర్ణమ్మ ఒక్కతే. అది మాత్రం కారులో చెప్పలేదు. సంపూర్ణమ్మ చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో, తణుకు అవతల వాళ్ళ ఊళ్ళో, టీకొట్టు చూరులో ఊరి చివర పేటవాళ్ళ కోసం ఒక సొట్టగ్లాసు దోపి ఉండేది. దాన్ని తీసుకుని, టీ పోయించుకుని, ఎడంగా కూర్చుని తాగి, కడిగి, మళ్ళీ చూరులోనే దోపాలి. నాట్ల రోజుల్లో పేటంతా పొలాల్లోనే ఉండేది కాబట్టి ఆ గ్లాసులో సాలెపురుగు కూడా కాపురం పెట్టేది. "మిషను దొరసాని తాగిన గిన్నెలోనే నేనూ తాగానే ప్రసన్నా," అంది ముసలిది ఆ సంతకాల రోజున. "ఆ ఒక్క చోటే కదే నాకు వేరే గ్లాసు లేనిది." ప్రసన్నకుమారి విసుక్కుంది. క్రిములకు ఇవన్నీ తెలుస్తాయా నాయనమ్మా అంది.

నవంబరులో బుల్లియ్య ఎవరూ చెప్పకుండానే వెళ్ళి చివర కూర్చున్నాడు. డిసెంబరులో ఒక ఆదివారం ప్రత్యేక క్లాసు పెడదామన్నారు. ప్రసన్నకుమారిగారికి కుదరదు లెండి, చర్చి కదా, అని లక్ష్మీదుర్గ నవ్వుతూ అందరి ముందూ అంది. ఆ మాటకు పది మొహాలు ఒక్కసారి ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగాయి. మీ ఇంటిపేరేంటండి అని ఇన్నాళ్ళూ తిప్పితిప్పి అడిగిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు ఆ రోజు నుంచి అడగడం మానేశారు. ఆయన ఫ్లాస్కులోని కాఫీ ఆమె దాకా రావడం కూడా ఆ రోజుతోనే ఆగింది. ఆమె చూసింది. చూడనట్టు ఉండిపోయింది. ఇంకొక్క నెల, ఒక్క ఉత్తరం.

జనవరి రెండో శనివారం గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. మేడ ఎక్కేసరికి హాలు గోడకు కాగితం అంటించి ఉంది. ఆరోగ్యం దృష్ట్యా వేణువు అందుకునే వరస ఇది, అని పైన రాసి ఉంది. కింద పది పేర్లు. ఆ తర్వాత గీత కొట్టి, మరో రెండు పేర్లు. ప్రసన్నకుమారిగారు, బుల్లియ్య. వాటి పక్కన, వేరే వేణువు, అని రాసి ఉంది. చివరి రెండు చాపలూ మిగతావాటికి బారెడు ఎడంగా పరిచి ఉన్నాయి. వాటి మధ్య కొత్త పీవీసీ గొట్టం ఒకటి ఉంది. పొరపాటున కలిసిపోకుండా దానికి ఎర్ర టేపు చుట్టారు.

ఆరోగ్యం దృష్ట్యా అన్నది తన మాటే. తన నోట్లోంచి ఊడిపడ్డ మాటే అక్షరం పొల్లు పోకుండా గోడ మీద ఉంది. తిన్నగా శ్యాంబాబుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చాప పక్కన గోధుమరంగు కవరు ఉంది, దాని మీద ఆమె పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

నేను చుట్ట కాల్చను కదండి, నన్నెందుకు అక్కడ వేశారు అని అడిగింది. గురువుగారు ఆమె వైపు ఎంతో దయగా చూశారు.

"కారణాలు అడిగేది మనసండి. ఊపిరి అడగదు," అన్నారు. "ఏ గొట్టమైతే ఏముంది?"

ఏ గొట్టమైనా ఒకటే అయితే ఆ ఎర్ర టేపు ఎందుకు చుట్టారో ఆయన చెప్పలేదు. లక్ష్మీదుర్గ చీరకొంగు సర్దుకుంటూ అందుకుంది. "ఎవరి గ్లాసు వాళ్ళకుంటేనే మంచిదంటే మీరే అవునన్నారు కదండీ. మేం కొత్తగా పెట్టిందేముంది?"

తవ్వుకున్న గొయ్యి కొలతలు తవ్వినవాళ్ళకే తెలుస్తాయి. ప్రసన్నకుమారి కవరు వైపు చూసింది. ఒక్క గంట నోరు మూసుకుంటే ఆ కవరు తనది. వెళ్ళి చివరి చాప మీద కూర్చుంది. అలా కూర్చోగలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

వెదురు వేణువు బయల్దేరింది. లక్ష్మీదుర్గ తుడిచి ఊదింది. బ్యాంకు మేనేజరుగారు తుడిచి ఊదారు. దూది మీద దూది. పది ఊపిరులు, పది బుస్సులు, మధ్యలో ఒకటి రెండు స్వరాలు. పదో ఆవిడ ఊదాక గురువుగారు లేచి, వేణువు అందుకుని, పట్టు సంచిలో పెట్టి తాడు ముడేశారు. మళ్ళీ కూర్చుని, చివరివాళ్ళ వైపు తలూపారు.

బుల్లియ్య ఎర్ర టేపు గొట్టం తీసి ఆమె వైపు చాచాడు. "మీరు ముందు ఊదండి టీచరుగారండి. నా తరవాతైతే మీకు పడదు కదండి," అన్నాడు. అందులో దెప్పుపొడుపు లేదు. ఆమె పెట్టిన రూలును ఆమె కోసం పాటిస్తున్నాడంతే. ఆ సంగతి తెలిశాక ఆమె అతని మొహం చూడలేకపోయింది.

"మీరే ముందు ఊదండి," అంది. ఇన్ని నెలల్లో అతన్ని మీరు అనడం అదే మొదటిసారి.

అతను ఊదాడు. బొంగురుగా, నిండుగా, కింద రేవు దాకా పలికింది. గొట్టం ఆమె చేతికొచ్చింది. మూతి దగ్గర తడి ఉంది. ఆమె హ్యాండ్‌బ్యాగు తెరవలేదు. ఏదో అద్భుతం జరిగి అసహ్యం పోయిందనుకుంటారేమో, ఏమీ పోలేదు. ఒళ్ళు గగుర్పొడిచింది, నోట్లో నీళ్ళూరాయి, గొంతు దాకా పుల్లగా ఎగదన్నింది. దాన్ని మింగి, తడి మీదే పెదవి ఆనించి ఊదింది. వణుకుతూ, పగిలిపోతూ, ఎలాగో ఒక రో పలికింది.

తర్వాత లేచింది. గొట్టం రెండు చేతులతో పట్టుకుని బారెడు ఎడం దాటి, పది చాపలూ దాటి, గురువుగారి ముందు నిలబడి చాచింది.

"ఇప్పుడు మీరు ఊదండి సార్. ఊపిరికి ఎంగిలి లేదన్నారు కదా."

శ్యాంబాబుగారు గొట్టం మూతి చూశారు. ఇద్దరి ఉమ్మూ కలిసి అక్కడ సన్నగా మెరుస్తోంది. ఆయన ముక్కుపుటాలు కొంచెం ముడుచుకున్నాయి. పుట్టినప్పటి నుంచీ అద్దంలో చూసుకుంటున్న ముడత అది, ప్రసన్నకుమారి గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? తర్వాత ఆయన వెన్ను నిటారు చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. గురువుగారిని చూసి లక్ష్మీదుర్గ మూసుకుంది. ఆవిడను చూసి మేనేజరుగారు. వరసగా పదిమందీ కళ్ళు మూసుకుని ధ్యానంలోకి వెళ్ళిపోయారు. నెత్తిన బోర్లించుకోవడానికి బుట్టలు కూడా వాళ్ళకు అక్కర్లేకపోయాయి.

ఆమె చేతులు చాచి అలాగే నిలబడింది. గొట్టం చివర నుంచి ఒక చుక్క గురువుగారి తెల్లచాప మీద పడింది. ఆయన కళ్ళు తెరవలేదు. కవరు అక్కడే, వంగితే అందేంత దూరంలో ఉంది. ఎవరూ చూడటం లేదు, తీసుకోవచ్చు. ఆమె గొట్టాన్ని ఆ కవరు మీదే పెట్టింది. తడి కాగితంలోకి దిగి, తన పేరులో మొదటి అక్షరం చెదిరిపోవడం చూసి, మెట్లు దిగింది.

రేవులో నీళ్ళ అంచున కూర్చుని కక్కుకుంది. ఎవరి ఉమ్ముకో కాదు. తను రాయించిన కాగితం, తను కూర్చున్న చాప, ఆర్నెల్లు నోటుపుస్తకంలో మోసిన మాట, అన్నీ కలిసి వచ్చాయి. నోరు పుక్కిలించి తలెత్తేసరికి బుల్లియ్య వెనక మెట్టు మీద నిలబడి, ఆమెకు ఇబ్బంది కాకుండా నది వైపు చూస్తున్నాడు.

ఇక దాచి లాభం లేదనిపించింది. మిమ్మల్ని చివర కూర్చోబెట్టమని చెప్పింది నేనేనండి, వాళ్ళు కాదు, అంది.

"తెలుసండి. ఆవేళ మెట్ల మీదే ఉన్నానండి," అన్నాడు.

ఆమెకు అప్పుడు తట్టింది. పైన గొట్టం పెదవికి ఆనించినప్పుడు ఎగదన్నడానికి సిద్ధంగా ఉండి మరీ ఎదురుచూసిన చుట్ట కంపు రాలేదు. తడి ఉంది గానీ కంపు లేదు. ఏం, ఇవాళ కాల్చలేదా అని అడిగింది.

బుల్లియ్య నావ తాడు విప్పుకుంటూ, అదేదో పెద్ద సంగతి కానట్టు చెప్పాడు. "ఆ మర్నాడే మానేశానండి. నలభై ఏళ్ళ అలవాటు, కాస్త కష్టమైందండి. నోరు బాగుపడితే మళ్ళీ వరసలోకి రానిస్తారేమో అనుకున్నానండి." తాడు చుట్టి నావలో పడేశాడు. "మూడు నెలలైందండి. ఎవరూ అడగలేదండి."